ఆటల వీడియో విశ్లేషణ: పరికరాల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను అథ్లెటిక్స్ శిక్షకురాలిని. లాంగ్ జంప్ అభ్యాసాన్ని ఫోన్‌తో వీడియో తీసి పిల్లలకు చూపిస్తుంటాను. కానీ బోర్డు మీద పాదం మోపే క్షణంలో వీడియోను ఆపితే కాలు మసక చారలా కనిపిస్తోంది. 4కె కెమెరా కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా? పరుగు వేగాన్ని, మోకాలి కోణాన్ని కొలవాలని కూడా ఉంది.

జవాబు: తీరదు. 4కె అన్న మాట ఒక్కో ఫ్రేములో, అంటే వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రంలో, ఎన్ని బిందువులు ఉంటాయో మాత్రమే చెబుతుంది (అడ్డంగా 3840, నిలువుగా 2160). కాలు మసకబారడానికి కారణం షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేము కోసం కెమెరా ఎంతసేపు కాంతిని లోపలికి తీసుకుంటుందన్నది. సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో దూసుకువచ్చే అమ్మాయిని 1/60 సెకను షట్టర్‌తో తీస్తే, ఆ ఒక్క ఫ్రేము నమోదయ్యేలోపే ఆమె శరీరం 15 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. అదే 1/1000 సెకను పెడితే ఆ జరుగుదల సెంటీమీటరు లోపే ఉంటుంది. ఫోన్లు మామూలుగా వెలుతురును బట్టి షట్టర్‌ను తామే నిర్ణయించుకుంటాయి. కాబట్టి అదే ఫోన్‌తో మిట్టమధ్యాహ్నం తీసిన వీడియోలో పాదం స్పష్టంగాను, సాయంత్రం తీసిన వీడియోలో మసకగాను కనిపిస్తే, మీరు మార్చవలసింది ఫోన్‌ను కాదు, షట్టర్‌ను. దాన్ని మన చేత్తో అమర్చుకునే వీలు ఇచ్చే కెమెరా యాప్ ఉంటే చాలు.

సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య వేరే సంగతి. మంచి జంపర్ పాదం బోర్డును తాకి ఉండే సమయం సుమారు 0.12 సెకను. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఆ ఘట్టానికి మూడో నాలుగో ఫ్రేములు దక్కుతాయి. మడమ ముందు ఆనిందా, పాదమంతా ఒకేసారి ఆనిందా అన్నది వాటిలో తేలదు. 240 ఫ్రేములతో తీస్తే దాదాపు 29 ఫ్రేములు చేతికి వస్తాయి. మీ ఫోన్‌లో 1080 రిజల్యూషన్‌తో (అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు) 240 ఫ్రేములు తీసే సౌకర్యం ఉంటే, ఈ పనికి అది 30 ఫ్రేముల 4కె కెమెరా కంటే నిస్సందేహంగా మేలు.

షట్టర్ వేగం పెంచిన కొద్దీ వెలుతురు ఎక్కువ కావాలి. 1/60 నుంచి 1/1000కు వెళితే సెన్సర్‌కు అందే కాంతి సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. ఆరుబయట ఎండలో దీనితో చిక్కు లేదు. ఇండోర్ హాలులో మాత్రం చిత్రం చీకటిగా, గరగరగా వస్తుంది. పైగా 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే చాలా రకాల దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియని ఆ మిణుకు స్లో మోషన్‌లో చారలుగా పాకుతుంది. అందుకే ఏ కెమెరానైనా మీరు వాడబోయే హాలులోనే, మీరు వాడబోయే షట్టర్‌తోనే పరీక్షించి చూడాలి.

ఇక కొలతల మాట. ఇక్కడ కెమెరా ధర కంటే అది నిలిచిన చోటే ముఖ్యం. కెమెరా రన్‌వేకు సరిగ్గా లంబంగా, కదలకుండా, వీలైనంత దూరంలో ఉండాలి. దగ్గరికి తెచ్చుకోవలసిన పని ఆప్టికల్ జూమ్‌కు, అంటే లెన్స్‌తోనే దృశ్యాన్ని పెద్దది చేసే జూమ్‌కు వదలాలి. స్కేలు కోసం పొడవు తెలిసిన కర్రను క్రీడాకారిణి పరుగెత్తే గీత మీదే పెట్టి ముందుగా వీడియో తీయాలి. ఆమె ఆ గీత నుంచి 30 సెంటీమీటర్లు కెమెరా వైపు జరిగిందనుకోండి: కెమెరా మూడు మీటర్ల దూరంలో ఉంటే కొలత దాదాపు పది శాతం తప్పుతుంది, పది మీటర్ల దూరంలో ఉంటే మూడు శాతమే తప్పుతుంది. విశాల కోణపు లెన్స్ ఉన్న యాక్షన్ కెమెరాలు ఫ్రేము అంచుల్లో సరళరేఖలను కూడా వంచి చూపుతాయి గనుక కొలతలకు వాటిని నేను సిఫారసు చేయను. కుదుపును సరిదిద్దే స్టెబిలైజేషన్‌ను ఆపేయండి; అది ఫ్రేమునే అటూ ఇటూ జరుపుతుంది. మరో జాగ్రత్త: 240 ఫ్రేములతో తీసిన వీడియోను ఫోన్ 30 ఫ్రేముల ఫైలుగా భద్రపరిస్తే, అసలు తీసిన వేగం ఎంతో సాఫ్ట్‌వేర్‌కు మీరే చెప్పాలి. చెప్పకపోతే పరుగు వేగం ఎనిమిదో వంతుగా తేలుతుంది.

కాబట్టి ముందుగా డబ్బు పెట్టవలసింది బరువైన, గాలికి ఊగని ట్రైపాడ్ మీద, ఫోన్‌ను బిగించే క్లాంపు మీద. ఆ తరువాత కూడా కెమెరా కావాలనిపిస్తే, షట్టర్‌ను చేత్తో అమర్చే వీలు, ఆప్టికల్ జూమ్, కనీసం 120 ఫ్రేములు ఉన్నదాన్ని చూడండి. ప్రకటనలో రాసిన అధిక ఫ్రేముల సంఖ్య ఏ రిజల్యూషన్‌లో వస్తుందో, ఎంతసేపు ఆగకుండా వస్తుందో విడిగా కనుక్కోండి. కొన్ని కెమెరాలు ఆ వేగంతో కొద్ది సెకన్లే తీయగలవు.

ప్రశ్న: మాది ఫుట్‌బాల్ జట్టు. మ్యాచ్ మొత్తం తీయడానికి ఎలాంటి కెమెరా కావాలి?

జవాబు: మీకు 4కె నిజంగా పనికి వస్తుంది. మైదానమంతా పట్టేలా తీసిన 4కె చిత్రంలో పావు భాగాన్ని కత్తిరించి పెద్దది చేసినా పూర్తి 1080 స్పష్టత మిగులుతుంది. స్థానాలు, ఖాళీలు, పరుగుల దిశలు చూడటానికి సెకనుకు 25 లేదా 30 ఫ్రేములు చాలు. కెమెరాను మధ్యగీతకు ఎదురుగా, వీలైనంత ఎత్తులో పెట్టాలి. నేల మట్టం నుంచి తీస్తే దగ్గరి ఆటగాడి వెనుక ముగ్గురు దాగిపోతారు, రక్షణ పంక్తికీ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య ఎంత ఎడం ఉందో తెలియదు.

బంతిని తనంతట తానే వెంబడించే కెమెరాలు చూడముచ్చటగా తీస్తాయి, కానీ బంతికి దూరంగా ఉన్నవారిని ఫ్రేము నుంచి తప్పిస్తాయి. కోచ్‌కు అక్కరకు వచ్చేది తరచుగా వారి కదలికే. అలాంటి కెమెరా కొంటే మొత్తం మైదానపు దృశ్యాన్ని కూడా విడిగా దాచేదే ఎంచుకోండి.

సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున నమోదైతే గంటకు 45 గిగాబైట్లు నిండుతాయి. వి30 గుర్తు (వీడియోను తగినంత వేగంగా రాసుకోగలదని తెలిపేది) ఉన్న 128 గిగాబైట్ల మెమరీ కార్డు ఒక మ్యాచ్‌కు సరిపోతుంది. అర గంటకే రికార్డింగ్ ఆగిపోయే పాత కెమెరాలు ఉన్నాయి గనుక ఆ పరిమితినీ, బయటి నుంచి కరెంటు అందించే వీలునూ ముందే చూసుకోవాలి.

ప్రశ్న: విశ్లేషణకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరా?

జవాబు: ఆరంభంలో అక్కరలేదు. విండోస్ కంప్యూటర్ ఉంటే కినోవియా అనే వీడియో విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు వీడియోలను పక్కపక్కన ఒకే క్షణానికి కలిపి నడపడం, కోణాలు గీయడం, స్కేలు పెట్టి దూరం కొలవడం అందులో సాధ్యమే. జట్టు ఆటలో వందల ఘట్టాలను పేర్లతో గుర్తించి, ఆటగాడి వారీగా క్లిప్పులు పంచవలసిన అవసరం వచ్చినప్పుడు డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించవచ్చు.

కినోవియాలోనే, కెమెరాను కంప్యూటర్‌కు కలిపి దృశ్యాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా తెర మీద చూపే సదుపాయం ఉంది. క్రీడాకారుడు తన ప్రయత్నం ముగించి తెర దగ్గరికి నడిచి వచ్చేసరికి అదే ప్రయత్నం అతని కళ్ల ముందు మొదలవుతుంది. ఎవరూ మీట నొక్కనక్కరలేదు. శరీరానికి ఆ కదలిక ఇంకా గుర్తున్నప్పుడే చూసుకోగలగడం నేర్చుకునేవారికి ఎంతో మేలు చేస్తుంది గనుక, ఒకే చోట పదే పదే సాధన చేసే విసురు, సర్వ్, జిమ్నాస్టిక్స్ వంటి వాటికి దీన్ని ముందుగా వాడి చూడండి. ఆలస్యాన్ని ఎనిమిది పది సెకన్లతో మొదలుపెట్టి, నడిచి వచ్చే దూరాన్ని బట్టి సవరించుకోవచ్చు.