గీజరు ఏ మెట్టులో ఆగుతోందో ముందు గమనించు

చిరంజీవి శేఖర్‌కు ఆశీస్సులు.

మీ ఆర్‌వీలోని (ఇల్లులా వాడుకునే బండిలోని) గ్యాస్ గీజరు ఒక్కోసారి వెలిగినట్టే వెలిగి ఆరిపోతోందని, ఒక్కోసారి అసలు వెలగడమే లేదని, గీజరును నడిపించే సర్క్యూట్ బోర్డు కొత్తది తెప్పించమంటావా అని అడిగావు. బోర్డు సంగతి చివరికి ఉంచు. గీజరు మొరాయించగానే అందరి అనుమానమూ ఖరీదైన ఆ బోర్డు మీదికే పోతుంది గాని, తప్పు చాలాసార్లు అంతకన్నా చౌకైన చోట దాగి ఉంటుంది.

ముందు భద్రత మాట. గ్యాస్ వాసన వస్తూ ఉంటే ఏ పరీక్షా పెట్టుకోవద్దు. సిలిండరులోని ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పేరుకుంటుంది. అందుచేత స్విచ్చుల జోలికి పోకుండా అందరినీ బయటికి పంపి, సిలిండరు వాల్వు మూసి, మెకానిక్‌ను పిలిపించు. జాయింట్లను సబ్బు నీళ్లతోనే పరీక్షించాలి తప్ప అగ్గిపుల్లతో కాదు. అలాగే వేడినీళ్ల కుళాయి తిప్పి, బుడబుడలు లేకుండా ధార నిలకడగా వచ్చాకే గీజరు వెలిగించు, ఎందుకంటే ట్యాంకులో నీళ్లు లేకుండా మంట పెడితే ట్యాంకే పాడవుతుంది.

తరువాత వంట పొయ్యి వెలిగించి చూడు. సిలిండరు వాల్వును నెమ్మదిగా తిప్పు. ఒక్కసారిగా తెరిస్తే గొట్టం ఎక్కడో తెగిందనుకొని లోపలి రక్షణ ఏర్పాటు గ్యాస్ ధారను బాగా తగ్గించివేస్తుంది. పొయ్యి కాసేపు వెలిగితే గొట్టంలో చేరిన గాలి కూడా బయటికి పోతుంది. పొయ్యి మంట కూడా నీరసంగా ఉంటే తప్పు గీజరుది కాదు, రెగ్యులేటరుదో సిలిండరుదో అయి ఉంటుంది. ఈ ఉపకరణాలకు అందవలసిన ఒత్తిడి నీటి స్తంభం ఎత్తు లెక్కలో 11 అంగుళాలు. దాన్ని మానోమీటరుతో కొలిచి సరిచేయడం మెకానిక్ పని, రెగ్యులేటరు మరను నువ్వు తిప్పవద్దు.

ఇక అసలు పని. నువ్వు బయట గీజరు తలుపు తీసి, ముఖం మంటకు ఎదురుగా పెట్టకుండా పక్కగా నిలబడి, లోపల మరొకరిచేత స్విచ్ వేయించు. మొదట గ్యాస్ వాల్వు టక్కుమంటుంది, దానితోపాటే స్పార్క్ టిక్ టిక్‌మని కొడుతుంది, వెంటనే మంట బుస్సుమని అంటుకుంటుంది. ఈ వరుస ఎక్కడ తెగిందో అక్కడే వెతకాలి.

ఏ చప్పుడూ లేకపోతే కరెంటు అందడం లేదన్నమాట. బ్యాటరీ 12 వోల్టులదే అయినా, గీజరు దగ్గర కొలిచినప్పుడు 10.5 కన్నా తగ్గితే బోర్డు సరిగా పనిచేయదు. ఫ్యూజు చూడు. థర్మోస్టాట్ పక్కన, నీళ్లు మితిమీరి వేడెక్కితే కరెంటు తెంచే మరో స్విచ్ ఉంటుంది. అది సుమారు 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెగుతుంది. దాని బటన్ నొక్కితే మళ్లీ కలుస్తుంది గాని, మాటిమాటికీ తెగుతూ ఉంటే కారణం తేల్చకుండా నొక్కుతూ కూర్చోకూడదు.

స్పార్క్ కొడుతున్నా మంట అంటుకోకపోతే, గ్యాస్ రావడం లేదు, లేదా నిప్పురవ్వ సరైన చోట పడడం లేదు. స్పార్క్ కొట్టే కడ్డీ, అంటే ఎలక్ట్రోడ్, దాని మొనకూ ఎదుటి లోహానికీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. తెల్లటి పింగాణీ తొడుగు పగిలి ఉంటే స్పార్క్ ఆ పగులులోంచి పక్కకు దూకుతుంది.

నువ్వు రాసినదాన్నిబట్టి ఎక్కువగా మీ గీజరుకు వస్తున్నది మూడో రకం, అంటే మంట అంటుకొని కొద్ది సెకన్లలోనే ఆరిపోవడం. మంటలోంచి అతి స్వల్పమైన కరెంటు ప్రవహిస్తుంది. ఎలక్ట్రోడ్ ద్వారా ఆ కరెంటు అందితేనే మంట ఉన్నట్టు బోర్డు నమ్ముతుంది. అందకపోతే, కళ్లెదుట మంట మండుతున్నా సరే, వాల్వు మూసేస్తుంది. అలా మూయడం బోర్డు లోపం కాదు, దాని ధర్మం. కాబట్టి ఎలక్ట్రోడ్‌కు మసి పట్టిందేమో, దాని మొన మంటలో మునిగి ఉందో లేదో, తీగ వదులైందేమో, ముఖ్యంగా గ్రౌండ్ తీగ బిగించిన స్క్రూ తుప్పు పట్టిందేమో చూడు. ఈ గ్రౌండ్ సంగతిని చాలామంది తేలికగా తీసుకుంటారు.

మంట రంగు కూడా చూడు. నీలంగా, ఒకే జోరుతో మండాలి. పసుపు పచ్చగా ఊగిసలాడుతూ మసి కక్కితే బర్నరుకు గాలి చాలడం లేదని అర్థం. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే సాలీళ్లు బర్నరు గొట్టంలో గూళ్లు అల్లుతాయి, కందిరీగలు మట్టి పెడతాయి. గ్యాస్ మూసి, అంతా చల్లారాక, గొట్టంలో సన్నని బ్రష్ దూర్చి శుభ్రం చేయి. గ్యాస్ చిమ్మే ఇత్తడి రంధ్రంలో మాత్రం సూది గుచ్చవద్దు. అది వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ పాలు మారిపోతుంది. ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరబెడితే చాలు. పసుపు మంట కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా పుట్టిస్తుంది కనుక, అది నీలంగా మారేదాకా గీజరు వాడకం ఆపు.

ఇవన్నీ సరిగా ఉన్నాకే బోర్డు వంతు. అప్పుడు కూడా ముందు కనెక్టరు ఊడదీసి, బోర్డు అంచున ఉన్న పలకలకు చిలుము పట్టి ఉంటే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, తిరిగి బిగించి చూడు.

మంట నిలకడగా మండుతూ ఉన్నా కుళాయిలో నీళ్లు గోరువెచ్చగానే వస్తే నిప్పును తప్పుపట్టకు. శీతాకాలం కోసం, నీళ్లు గీజరులోకి పోకుండా పక్కదారి పట్టించేలా తిప్పిన బైపాస్ వాల్వు అలాగే ఉండిపోయిందేమో, బయటి షవర్ చేతిపిడి మూసినా దాని రెండు కుళాయిలూ తెరిచే ఉన్నాయేమో చూడు. అలా ఉంటే అక్కడే చన్నీళ్లు వేడినీళ్లలో కలిసిపోతాయి.

ఈ వరుసలో చూసి, ఏ మెట్టులో ఆగుతోందో, గీజరు దగ్గర వోల్టేజీ ఎంత ఉందో, మంట ఏ రంగులో ఉందో నాకు రాయి. బోర్డు కొనాలో వద్దో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న