టెక్ సందేహాలు: క్రాక్ ప్లగిన్‌తో పోయేది మీ కంప్యూటర్ ఒక్కటే కాదు

ఇండిపెండెంట్ సినిమాలకీ, షార్ట్ ఫిల్ములకీ మ్యూజిక్ చేసేవాళ్ల నుంచి కొంతకాలంగా ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

ప్రశ్న: 25 నిమిషాల సినిమాకి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేశాను. నా దగ్గర అంతా సరిగ్గానే ఉంది. ఎడిటర్ దగ్గర మాత్రం మొదట్లో బాగానే ఉండి, చివరికొచ్చేసరికి మ్యూజిక్ సెకనుకు పైగా వెనకబడుతోంది. నా కంప్యూటర్ స్లో అవడం వల్లేనా?

కాదు. తేడా మొదటి నుంచీ ఒకేలా ఉంటే ఫైల్ పెట్టిన చోటు తప్పు. పోనుపోనూ పెరుగుతుంటే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు నడుస్తాయన్న లెక్క, తప్పు. మీకు 23.976లో వీడియో ఇచ్చి, తర్వాత అవే ఫ్రేముల్ని 24లో నడిపించి ఉంటారు. తేడా వెయ్యిలో ఒక వంతే గానీ 25 నిమిషాలకి అది ఒకటిన్నర సెకను అవుతుంది, అంటే తలుపు మూయగానే ఆగాల్సిన వయొలిన్ పక్క సీన్లోకి వచ్చేస్తుంది. ఈసారికి మ్యూజిక్‌ని 0.1 శాతం కుదించండి, చెవికి తెలియదు. ఇకమీదట మొదటి ఫ్రేమ్‌కి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక బీప్, చివరి ఫ్రేమ్ అయ్యాక రెండు సెకన్లకి ఇంకో బీప్ పెట్టించుకోండి. మొదటిది కలిసి రెండోది కలవకపోతే గొడవ ఎక్కడుందో ఇద్దరికీ అప్పుడే తెలుస్తుంది. మెసేజింగ్ యాప్‌లో నలిగిన వీడియో పంపి దాని మీద స్కోర్ చేయమనే దర్శకులకి మాత్రం కుదరదని చెప్పేయండి.

ప్రశ్న: మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ప్లగిన్లని కొనకుండా, చాలాకాలంగా లైసెన్స్ తాళం విరగ్గొట్టిన క్రాక్ కాపీలే వాడుతున్నాను, ఏమీ కాలేదు. ఇప్పుడొక స్ట్రింగ్స్ లైబ్రరీ (వయొలిన్ లాంటి తీగ వాద్యాల శబ్దాలు) క్రాక్ ఇన్‌స్టాల్ చేయబోతే, ముందు యాంటీవైరస్‌ని ఆపేయమని ఆ ఇన్‌స్టాలర్ అడుగుతోంది. యాంటీవైరస్‌ని ఆపొచ్చా?

ఆపొద్దు. ఏమీ కాలేదని మీకెలా తెలుసు? ఇలాంటి వాటిలో వచ్చే దొంగ ప్రోగ్రాములు చాలావరకు కంప్యూటర్‌ని పాడుచేయవు, స్లో కూడా చేయవు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనీ, లాగిన్ కుకీలనీ కాపీ చేసుకుని నిమిషాల్లో ఎటో పంపేస్తాయి. ఆ కుకీ దొంగ చేతికి దొరికితే, ఆ సైటు దృష్టిలో మీరే అప్పటికే లాగిన్ అయి ఉన్నట్టే లెక్క కాబట్టి చాలా సైట్లు ఓటీపీ కూడా అడగవు. అందుకే రెండంచెల భద్రత పెట్టుకున్నవాళ్ల యూట్యూబ్ చానళ్లు కూడా రాత్రికి రాత్రి పోతున్నాయి.

నాకు టెన్షన్ మీ ఒక్కరి గురించి కాదు. మీ మెయిల్లో దర్శకుడు పంపిన రఫ్ కట్ (ఇంకా పూర్తికాని ఎడిట్) లింక్ ఉంది, నిర్మాత డ్రైవ్ ఫోల్డర్ ఉంది. విడుదలకి ముందే సినిమా బయటికొస్తే, ప్రీమియర్ తమ దగ్గరే జరగాలనే ఫెస్టివల్స్ ఇక దాన్ని తీసుకోవు. అప్పు చేసి సినిమా తీసినవాళ్లకి అది చిన్న దెబ్బ కాదు. ఇప్పటికే క్రాక్‌లు వేసుకుని ఉంటే, ఇంకో శుభ్రమైన ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైసుల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. దర్శకుడికి విషయం చెప్పండి. తర్వాత మీరు చేసిన మ్యూజిక్ ఫైళ్లు (వేవ్, మిడి, ప్రాజెక్ట్) మాత్రం బయటికి తీసుకుని ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి నుంచీ వేయండి. పాత ఇన్‌స్టాలర్లు ఒక్కటి కూడా దాచుకోవద్దు.

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల మీదా నాకు కోపమే. కొన్ని సాఫ్ట్‌వేర్లలో డబ్బు పెట్టి కొన్నవాడికి కూడా ఇంటర్నెట్ లేకపోతే లైసెన్స్ తెరుచుకోదు. అప్‌డేట్ అయ్యాక ఒకసారి సేవ్ చేసిన ప్రాజెక్ట్ చాలాసార్లు పాత వెర్షన్లో తెరుచుకోదు, ఆ సంగతి ముందుగా పెద్ద అక్షరాల్లో చెప్పరు కూడా. రేపు ఫైనల్ మిక్స్ అనగా ఇలా జరిగితే ఆ మనిషి ఏం చేయాలి? నిజాయితీగా కొన్నవాళ్లని ఇంత సతాయిస్తూ, జనం క్రాక్‌ల వైపు ఎందుకు పోతున్నారని అడగడంలో న్యాయం లేదు. సినిమా పని నడుస్తున్నన్నాళ్లూ ఆటో అప్‌డేట్ ఆపేసుకోండి. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఆపకండి.

ప్రశ్న: త్యాగరాజ కీర్తనే కదా అని పాత రికార్డు నుంచి ఒక ముక్క సినిమాలో వాడాను. అప్‌లోడ్ చేయగానే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఇదేం న్యాయం?

త్యాగరాజస్వామి 1847లో పోయారు, కీర్తన మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. మీరు వాడిన రికార్డింగ్ సంగతి వేరు. మన చట్టం ప్రకారం దానికి విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల హక్కు ఉంటుంది. ఆ గడువు దాటకపోతే క్లెయిమ్ సబబే. తెలిసిన గాయకుడితో మళ్లీ పాడించుకుని, ఆ రికార్డింగ్ సినిమాలో వాడుకోవచ్చని రాతపూర్వకంగా సంతకం తీసుకోండి.