చెల్లికి, బాబు ఉద్యోగం గురించి

చెల్లీ,

మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్న మీ బాబుని ఇప్పుడే పనిలో పెట్టాలా అని నిన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కన జనం ఉన్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను, మరిదిగారికి కూడా చదివి వినిపించు.

"ఇంకో ఏడాది ఆగుదాం అక్కా, పూర్తిగా నయమయ్యాక పనిలో పెడదాం" అన్నావు. ఇలాంటి జబ్బే ఉన్న తమ్ముడి విషయంలో మేమూ అచ్చం అలాగే అనుకుని నాలుగేళ్లు ఆగాం. మందులు చేయగలిగింది మొదటి ఏడాదిలోనే చేశాయి. మిగతా మూడేళ్లూ వాడు అరుగు మీద కూర్చుని వీధిలో వచ్చేపోయేవాళ్లని చూశాడు. పది దాటితే గానీ లేచేవాడు కాదు. అదీ జబ్బే అనుకున్నాం. తర్వాత నర్సరీ పనిలో చేరిన రెండు నెలలకి ఎనిమిదింటికల్లా స్నానం చేసి క్యారేజీ కోసం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, వాడికి అన్నాళ్లూ లేవడానికి ఒక కారణం లేదు, అంతే.

బాబు మందులు మానకుండా వేసుకుంటున్నాడు. పని చేస్తానని వాడే అంటున్నాడు. ఈ రెండూ ఉన్నాయి కదా, ఇంక ఆగొద్దు.

ఇది నా సొంత తెలివి కాదు. ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం అనే పాత పద్ధతిని తిరగేసి, ముందు నిజమైన ఉద్యోగంలో చేర్చి, పని అక్కడే నేర్పిస్తూ వెనకాల తోడుగా ఉండే పద్ధతి అమెరికాలో 1980లలో మొదలైంది. 1990లలో మానసిక జబ్బులున్నవాళ్ల కోసం దాన్ని ప్రత్యేకంగా తయారుచేశారు. యూరప్‌లో ఆరు నగరాల్లో స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన జబ్బులున్న 312 మందితో రెండు పద్ధతుల్నీ పోల్చి చూశారని తమ్ముడి డాక్టరు గారు చెప్పారు. 2007లో ఫలితాలు వచ్చాయి. ముందే ఉద్యోగం వెతికిపెట్టి తోడున్నవాళ్లలో 55 శాతం మంది కనీసం ఒక రోజైనా జీతానికి పనిచేశారు. ముందు శిక్షణ ఇచ్చినవాళ్లలో 28 శాతమే. పైగా తిరిగి ఆసుపత్రిలో చేరడం కూడా మొదటివాళ్లలోనే తక్కువ. పనిలో పెడితే జబ్బు తిరగబెడుతుందేమోనని నీకున్న భయం నాకు తెలుసు కాబట్టి ఈ చివరి సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక ఏ పని అనేది. మరిదిగారు వాళ్ల స్నేహితుడి రొయ్యల చెరువుల మీద పెడతానంటున్నారు. వద్దని చెప్పు. చెరువు పనంటే రాత్రి కాపలా, కరెంటు పోతే అర్ధరాత్రి లేచి జనరేటర్ వేయడం, నీటికి గాలి అందించే ఏరియేటర్లు చూసుకోవడం. బాబు లాంటివాడికి నిద్ర చెడితే అన్నీ చెడతాయి. జీతం ఎంత ఇస్తామన్నా రాత్రి డ్యూటీ ఒప్పుకోవద్దు.

అసలు వాడేమంటున్నాడో విన్నావా? క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు నాతో అన్నాడు, "పెద్దమ్మా, మోటార్ వైండింగ్ అయితే నాకు వచ్చు" అని. కాలిన మోటార్లకి కొత్త తీగ చుట్టే పని అది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండో ఏడాదిలో కదా జబ్బు పడ్డాడు. భీమవరం చుట్టుపక్కల ఇన్ని చెరువులు, ఇన్ని ఏరియేటర్లు ఉన్నాయి. కాలిన మోటార్లకి కొదవేముంది? వాడు కోరిందీ, మన ఊళ్లో దొరికేదీ ఒకటే అయినప్పుడు ఇంకోటి వెతకడమెందుకు?

తమ్ముణ్ణి మేం అడగలేదు. రాజమండ్రిలో తెలిసినవాళ్ల బట్టల కొట్లో పెట్టాం, అదీ పెళ్లిళ్ల సీజన్‌లో. జబ్బు సంగతి దాచాం. కొట్టు నిండా జనం, నాలుగు వైపుల నుంచీ పిలుపులు, మధ్యాహ్నం మాత్ర ఎవరూ చూడకుండా వేసుకోవాలనే టెన్షన్. తొమ్మిదో రోజున ఒక చీరల కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. యజమాని అందరి ముందూ అన్న మాట ఇక్కడ రాయలేను. ఆ తర్వాత మళ్లీ పని అనే మాట ఎత్తడానికి వాడికి ఏడాది పట్టింది. ఆ తప్పు వాడిది కాదు, మాది.

ఏడాది తర్వాత వాడే అన్నాడు, మొక్కల దగ్గరైతే మాటలు తక్కువ ఉంటాయి అని. కడియం నర్సరీలో ఒకాయన్ని అడిగాం. ఈసారి తమ్ముడి అనుమతితోనే విషయం చెప్పాం. జబ్బు పేరు, చరిత్ర అంతా చెప్పలేదు. "మందుల వల్ల పొద్దున్న కాస్త మత్తుగా ఉంటుంది, తొమ్మిదిన్నరకి రానివ్వండి. ఒకసారికి ఒక పనే చెప్పండి. తేడాగా అనిపిస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి." ఇంతే చెప్పాం. ఆయన ఒప్పుకున్నారు. నువ్వూ ఇలాగే చెయ్యి, కానీ ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో బాబునే నిర్ణయించుకోనియ్యి.

మొదటి పని కవర్లలో మట్టి నింపడం. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన గుట్ట పక్కన కూర్చుని నల్ల కవరు నోరు తెరవాలి, సగం పోసి నేలకి రెండుసార్లు తట్టాలి, మళ్లీ పోయాలి, పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి. మేస్త్రీ ఈ మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసి వెళ్లేవాడు. తమ్ముడు సగం కవరు చేత్తో పట్టుకుని ఆగిపోయేవాడు. నేను రెండు వారాలు అక్కడే చెట్టు కింద కూర్చుని చూశాను. ఒక నిండు కవరు నమూనాగా వాడి ఎదురుగా పెట్టమన్నాను. ఎన్ని వరసలు నింపాలో పలక మీద రాయమన్నాను. చెవిలో గొంతులు ఎక్కువైనప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలు వింటానన్నాడు, సరేనన్నారు. మూడో వారానికి మిగతావాళ్లతో సమానంగా నింపాడు. ఇప్పుడు మొక్కలకి అంట్లు కడుతున్నాడు.

కానీ చెల్లీ, నేనక్కడ కూర్చోవడం మంచిది కాదని తర్వాత అర్థమైంది. అందరూ వాణ్ణి "టీచరమ్మ గారి తమ్ముడు" అనే చూసేవారు. అక్కడే పనిచేసే ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చూపించడం మొదలుపెట్టాక వాడు నిజంగా పనివాడయ్యాడు. పట్నాల్లో ఇలా తోడుండేవాళ్లని జాబ్ కోచ్ అంటారు. మనకి దొరక్కపోతే బాబు చేరే షాపులోనే ఓపికున్న మనిషిని చూసుకోవాలి. ఆ మనిషితో నువ్వు మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి మాట్లాడు. బాగున్నాడు కదా అని మానెయ్యకు. మేం ఇన్నేళ్లయినా మానలేదు.

బాబుకి వైండింగ్ షాపులో మొదట కాలిన తీగ పీకడం, స్టేటర్ (మోటారులో తిరగని భాగం) గాడులు శుభ్రం చేయడం, ఇన్సులేషన్ పేపరు కత్తిరించడం ఇమ్మని అడుగు. చుట్లు లెక్కపెట్టడం తర్వాత నేర్చుకోవచ్చు. కొన్ని నెలలపాటు కరెంటు ఇచ్చి మోటారు పరీక్షించే పని మాత్రం ఒంటరిగా చేయనివ్వొద్దని గట్టిగా చెప్పు. జీతం మిగతావాళ్లకిచ్చినంత ఇవ్వాలి. "కూర్చోబెట్టుకుంటాం, చేతిఖర్చులిస్తాం" అంటే ఒప్పుకోకు.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, మానసిక జబ్బు వాటిలో ఒకటి. వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పరీక్ష చేసి 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉందని రాసిస్తే, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా కింద అప్లై చేసుకోవచ్చు. అందులో 1 శాతం మానసిక జబ్బు, ఆటిజం, మేధో వైకల్యం లాంటివాళ్లకి కలిపి ఇచ్చారు. దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ కార్డు కూడా చేయించు. పనికి తగ్గ వెసులుబాటు ఇచ్చి తీరాలన్న నిబంధన ప్రభుత్వ ఆఫీసుల మీద ఉంది. చిన్న షాపులో మనం మంచిగా అడిగి తెచ్చుకోవాల్సిందే. 2024 జులైలో దివ్యాంగుల పింఛను నెలకి 6,000 అయింది కదా, పనిలో చేరితే అది పోతుందని ఊళ్లో భయపెడతారు. వాళ్ల మాట పట్టుకోకుండా చేరకముందే మీ ఊరి సచివాలయానికి వెళ్లి అడుగు.

ఒకటి మాత్రం ముందే రాసుకోండి. వాడికి తేడా వచ్చే ముందు ఏమవుతుంది? తమ్ముడికైతే వరసగా రెండు రాత్రులు నిద్ర ఉండదు, అన్నం ముద్ద వదిలేస్తాడు. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజులు సెలవు, డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు అనేవి వాడు బాగున్నప్పుడే వాడి చేత చెప్పించి రాయండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 కూడా రాయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. ఇన్నేళ్లలో తమ్ముడు రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడు. రెండుసార్లూ తిరిగొచ్చి అదే నర్సరీలో అదే గుట్ట దగ్గర కూర్చున్నాడు, ఎందుకంటే సెలవని ముందే అనుకున్నాం గానీ మానేశాడని ఎవరూ అనలేదు.

పొద్దున్న మత్తు గురించి డాక్టరు గారిని అడుగు, మాత్ర వేళ మీరే మార్చొద్దు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. మీ దగ్గరున్న మోటార్ వైండింగ్ షాపుకి బాబూ నేనూ టీ వేళకి వెళ్తాం. ఈలోగా వాణ్ణి అడిగి ఉంచు, షాపాయనకి నన్నేం చెప్పమంటాడో, ఏది చెప్పొద్దంటాడో.

మీ అక్క