అద్దెల పట్టిక పక్కన పెట్టి, ముందు ఆఫర్ లెటర్ చదవండి

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పనంతా ఇంటి నుంచే. నగరంలో అద్దెలు, రొద భరించలేక ప్రశాంతమైన చిన్న ఊరికి మారతానంటోంది. మూడు చూశాం: కాలేజీ ఉన్న పట్టణం, పర్యాటకులు వచ్చే కొండ ఊరు, ఆఫీసున్న నగరానికి రైల్లో గంటన్నర దూరంలో ఉన్న ఊరు. అద్దెలన్నీ పట్టిక వేశాను. ఏది మంచిది? కెరీర్ దెబ్బతింటుందా? లేక ఉన్నచోటే ఉండమని గట్టిగా చెప్పమంటారా?
– ఓ తండ్రి

జవాబు: మూడు ఊళ్ల అద్దెలూ లెక్కగట్టారు, బాగుంది. కానీ అమ్మాయి ఉద్యోగ ఒప్పందంలో 'పనిచేసే స్థలం' అన్నచోట ఏం రాసి ఉందో మీ ప్రశ్నలో ఒక్క ముక్క లేదు. ఈ విషయంలో మొదట చూడాల్సింది అదే.

ఇలాంటి ప్రశ్నలు ఇప్పుడు చాలామంది తల్లిదండ్రుల నుంచి వస్తున్నాయి. పైకి అడిగేది ఊరి గురించి. లోపల భయం వేరు: పిల్ల పోటీలోంచి తప్పుకుంటోందేమో, రేపు తిరిగి రావాల్సి వస్తే నలుగురూ ఏమంటారో అని. దానికి సూటిగా చెబుతాను. 24 ఏళ్ల మనిషి ఒక అద్దె ఇంట్లోంచి ఇంకో అద్దె ఇంట్లోకి మారడం వెనక్కి తీసుకోలేని నిర్ణయం కాదు. ఏడాది ఉండి తిరిగొచ్చినా, కొత్త ఉద్యోగమిచ్చేవాళ్లు ఆ ఏడాదిలో ఏ పని చేసిందో అడుగుతారు గానీ ఏ ఊళ్లో ఉందో అడగరు. తిరిగి రావడం కష్టమయ్యేది అక్కడ ఇల్లు కొంటేనే. మొదటి రెండేళ్లు ఆ ఊసే ఎత్తకండి.

గట్టిగా చెప్పమంటారా అన్నారు. వద్దండి. తన జీతంతో తను బతుకుతున్న మనిషికి ఎక్కడుండాలో మీరు హుకుం జారీ చేస్తే, రేపు ఇబ్బంది వచ్చినప్పుడు మీకు చెప్పడం మానేస్తుంది. మీరు అడగాల్సింది ఇంకొకటి ఉంది, అది అడిగినట్టు లేరు. ఆమెను అలసిపోయేలా చేస్తున్నది ఏమిటి? చప్పుడా, అద్దె భారమా, తోడు లేకపోవడమా, ఆ ఉద్యోగమేనా? ఉద్యోగం మీద విసుగైతే అది లాప్‌టాప్‌తో పాటే కొత్త ఊరికి వస్తుంది. ఒంటరితనమైతే చిన్న ఊళ్లో పెరుగుతుంది కూడా.

ఇక నా సందేహాలు. 'ఎక్కడినుంచైనా పని, చిన్న ఊళ్లో బతుకు' అన్నది ఇప్పుడు అందరికీ నచ్చిన దారి. అది కంపెనీ ఇష్టం మీద నడిచే దారి అన్న సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. యాహూ 2013లో ఇంటి నుంచి పనిని రద్దు చేసింది. 2020లో ఫేస్‌బుక్, ఊరు మారిన ఉద్యోగుల జీతాన్ని ఆ ఊరిని బట్టి సవరిస్తామని ప్రకటించింది. అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. అందుకే అమ్మాయిని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టమనండి, ఫోన్‌లో మాటగా వద్దు. ఇంటి నుంచి పని అన్నది రాతపూర్వకమా, లేక మేనేజర్ ఇచ్చిన వెసులుబాటా? ఊరు మారితే జీతం మారుతుందా? ఆఫీసుకు పిలిస్తే ఎన్ని రోజుల గడువిస్తారు? గడువు 30 రోజులైతే, ఇంటి అద్దె ఒప్పందంలో ఖాళీ చేసే నోటీసు కూడా 30 రోజులకు మించకూడదు. చాలామంది అడ్వాన్సు పోగొట్టుకునేది ఈ రెండూ పొసగకే.

రెండో సందేహం ఎదుగుదల గురించి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం మెరుగుపడింది. కానీ అదే స్థాయి పనితీరుకు వాళ్లకు ప్రమోషన్ దక్కే అవకాశం దాదాపు సగానికి పడిపోయింది. అదే కంపెనీలో బ్లూమ్ మరికొందరితో కలిసి చేసి 2024లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, వారానికి రెండు రోజులే ఇంటి నుంచి చేసినవాళ్ల ప్రమోషన్లలో తేడా కనబడలేదు. కాల్ సెంటర్ ఫలితం ప్రతి ఉద్యోగానికీ అతకదు, నిజమే. అయినా రెండేళ్ల అనుభవమంటే పక్క సీటువాళ్ల తప్పులు చూసి నేర్చుకునే వయసు. అందుకే నెలకోసారి వరసగా రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్లిరావడం తప్పనిసరి అనుకోండి. ఆ ప్రయాణం, బస ఖర్చు తీసేశాక అద్దెలో మిగిలేదే అసలు ఆదా. చాలా పట్టికలు ఈ ఒక్క గడి కలపగానే తలకిందులవుతాయి.

ఆ లెక్కన రైలు ఊరు నాకు ముందు కనిపిస్తోంది. అయితే రైలు గంటన్నర కాదు, ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా ఎంతసేపో చూడండి. పొద్దున మొదటి రైలు కన్నా రాత్రి చివరి రైలు ఎన్నింటికన్నది ముఖ్యం. కాలేజీ పట్టణంలో ఆమె వయసువాళ్లు, లైబ్రరీ, అద్దె గదులు దొరుకుతాయి. విద్యా సంవత్సరం మొదట్లో అద్దెలు పెరుగుతాయి కాబట్టి సెలవుల్లో వెతకాలి. కొండ ఊరు నేనైతే వద్దంటాను. సీజన్‌లో రోజు అద్దె ఎక్కువ గిట్టుతుందని ఓనర్లు ఖాళీ చేయమంటారు, నీళ్లకు కరువొచ్చేదీ అప్పుడే.

ఇంటర్నెట్ ఊరికి ఉంటే చాలదు, ఆ ఇంటికి ఉండాలి. పక్కింటివాళ్ల లైన్ మీద రాత్రి 8 నుంచి 10 మధ్య అప్‌లోడ్ వేగం కొలవండి. 10 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే వీడియో కాల్స్‌కు ఢోకా ఉండదు. ఫైబర్‌కు తోడు వేరే కంపెనీ మొబైల్ డేటా పెట్టుకున్నా ఒక చిక్కుంది. ఊళ్లోని టవర్లు కూడా అదే రోడ్డు పక్కన వెళ్లే కేబుల్ మీద ఆధారపడితే, రోడ్డు తవ్విన రోజు రెండూ కలిసే పోతాయి. కిందటిసారి కేబుల్ తెగినప్పుడు ఏ సిమ్ పనిచేసిందో ఊళ్లో ఇద్దరు ముగ్గురిని అడగండి. కరెంటు పోతే 12 వాట్ల రౌటర్‌ను 30 వాట్-అవర్ల మినీ యూపీఎస్ రెండు గంటలు నడుపుతుంది. కానీ వీధిలో ఇంటర్నెట్ ఆపరేటర్ పెట్టిన స్విచ్‌కు (లైన్లను ఇళ్లకు పంచే పెట్టెకు) బ్యాటరీ లేకపోతే ఇంట్లో యూపీఎస్ ఉండీ లాభం లేదు. నేరుగా ఇంటిదాకా ఫైబర్ వచ్చే లైన్లలో ఒక లైన్‌ను పలు ఇళ్లకు చీల్చే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు, అలాంటి లైన్ దొరికితే వదలకండి.

ప్రశాంతత కూడా సెలవు రోజు మధ్యాహ్నం వెళ్లి తేల్చుకునేది కాదు. పనిరోజు రాత్రి 11కు, తెల్లవారుజామున 5కు అక్కడ నిలబడి వినండి. ఎడతెగని ట్రాఫిక్ ఉన్న రోడ్డు నుంచి దూరం రెట్టింపైనా చప్పుడు తగ్గేది సుమారు 3 డెసిబెల్సే; 50 మీటర్ల ఇల్లు కాదని 100 మీటర్లకు జరిగితే పెద్ద తేడా తెలియదు. లెవెల్ క్రాసింగ్ దగ్గర ఇల్లు అసలొద్దు, రాత్రి కూడా హారన్ కొడతారు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి రాత్రిపూట ఎంతసేపు పడుతుందో కూడా చూడండి. రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, స్కాన్ చూశాకే ఇచ్చే గడ్డ కరిగించే మందు మామూలుగా 4.5 గంటల లోపు పడాలి. మీరు వెళ్లి ఆమెతో ఉండే రోజులూ ఉంటాయి కదా.

అత్యవసర నిధి ఆరు నెలలది ఉండాలి, అదీ నగరం ఖర్చుల లెక్కన. ఉద్యోగం పోతే వెతుక్కోవడానికి ఆమె రావాల్సింది నగరానికే.

ఇవన్నీ కుదిరినా ముందు నాలుగు వారాలు సామాను తరలించకుండా, సెలవు పెట్టకుండా, ఆ ఊరికి అన్నిటికన్నా కష్టమైన కాలంలో ఉండి చూడమనండి. ఎండలకు నీళ్లు తగ్గే ఊరైతే ఎండల్లో, వానలకు దారులు తెగే ఊరైతే వానల్లో. హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్ జవాబు వచ్చేదాకా మాత్రం ఎక్కడా అడ్వాన్సు కట్టకండి.