మా చెల్లికి అమెరికాలో ఫార్మ్‌డీ (ఫార్మసీ డాక్టరేట్) సీటొచ్చింది. అక్కడి కాలేజీల్లో జాతి వివక్ష నిజంగా ఉంటుందా? ఎదురైతే ఎవరికి చెప్పాలి?

ఉంటుంది. అయితే మీ ఇంట్లో వాళ్లు టీవీలో చూసి భయపడే రకం తక్కువ. కారు అద్దం దించి "మీ దేశం పో" అని అరిచినవాడు నాకు నాలుగేళ్లలో ఒక్కడే తగిలాడు, అదీ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో. కాలేజీలో ఎవరూ అరవరు. బాగా నవ్వుతారు, డోర్ పట్టుకుంటారు, సెమిస్టర్ చివర్లో ఒక ఫారం మీద ఏదో రాస్తారు. ఆ ఫారం గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

ప్రకాశం జిల్లాలో బీఫార్మసీ చేసి 2016లో మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో ఫార్మ్‌డీలో చేరాను. పేరు చెప్పను. రెండో ఏడాది కిడ్నీల పాఠం. ప్రొఫెసర్ ఒక పేషెంట్ ల్యాబ్ రిపోర్టు స్క్రీన్ మీద వేశారు. క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగితే కిడ్నీ సరిగా పనిచేయట్లేదని లెక్క) ఒకటే అంకె. దాని కింద కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే జీఎఫ్‌ఆర్ మాత్రం రెండు లైన్లు. ఆఫ్రికన్ అమెరికన్ అయితే 21, కాకపోతే 18. రక్తం ఒకటే, మెషీన్ ఒకటే. నల్లవాళ్లయితే వచ్చిన జవాబుని 1.159తో గుణించాలి. ఎందుకయ్యా అంటే వాళ్లకి సగటున కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువ అని పాత పరిశోధనల లెక్క. అప్పట్లో అమెరికాలో చాలా ల్యాబ్‌ల రిపోర్టులు ఇలా రెండు లైన్లతోనే వచ్చేవి. ఎవరికీ వింతగా అనిపించేది కాదు, నాకూ అనిపించలేదు. 1.159 అని నోట్‌బుక్‌లో రాసి చుట్టూ గీత గీసుకున్నాను, పరీక్షలో వస్తుందన్నారు కాబట్టి.

నా పక్క సీటు అమ్మాయి చెయ్యెత్తింది. "మా అమ్మ తెల్లావిడ, మా నాన్న నల్లాయన. నన్ను మొత్తం 1.159తో గుణించాలా, సగమా?" అంది. క్లాసంతా నవ్వింది, ఆయన కూడా నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుని నా చెయ్యి లాగి తన చెయ్యి పక్కన డెస్క్ మీద పెట్టింది. "ఈమె నాకంటే నలుపు. ఈమెకి ఏ లైను?"

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. నేను నలుపు. మ్యారేజ్ బ్యూరో ఫారంలో మా అమ్మ చామనఛాయ అని రాయించింది, అది మా ఇంటిల్లిపాదీ కలిసి ఆడిన అబద్ధం. చిన్నప్పుడు ఆదివారం వస్తే మా పెద్దమ్మ సున్నిపిండితో రుద్దిన రుద్దుడికి తోలు లేచేది గానీ రంగు కదిలేది కాదు. అందుకని ఆ క్షణాన నాకు కోపం వచ్చింది ఆ అమ్మాయి మీదే. అంతమంది ముందు నా చెయ్యి పట్టుకుని నలుపు అంటుందా అని. ఆ రెండు లైన్ల సంగతి బుర్రలోకి కూడా ఎక్కలేదు.

ప్రొఫెసర్ "ఇండియన్లకి రెండో లైను, డేటా అలా ఉంది" అన్నారు. "ఆ డేటాలో నల్లవాళ్లని ఎలా గుర్తుపట్టారు, చెయ్యి చూసా?" అంది తను. ఆయన వాచీ చూసుకుని తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి ఫైల్‌లో 'ప్రొఫెషనలిజం' కింద ఒక నోట్ పడింది. గొంతు దురుసుగా ఉంది, తోటి విద్యార్థిని అనుమతి లేకుండా తాకింది, క్లాసుకి ఆటంకం కలిగించింది అని. ఆ తాకిన తోటి విద్యార్థిని నేనే. ఫిర్యాదు నేను చేయలేదు. కానీ నన్ను పిలిచారు. కార్పెట్ వేసిన చిన్న గది, టేబుల్ మీద టిష్యూ డబ్బా, ఇద్దరు చాలా మర్యాదగా "నీకు ఇబ్బంది కలిగిందా, ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు" అన్నారు. ప్రొఫెసర్ జవాబు చెప్పకుండా దాటేశారు, అందరూ నవ్వారు, తను అడిగినది సరైన ప్రశ్నే అని నేను చెప్పాల్సింది. నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, "నేను నోట్స్ రాసుకుంటున్నాను, సరిగ్గా వినలేదు". నా కుడిచెయ్యి తన చేతిలో ఉండగా నేను నోట్స్ రాసుకుంటున్నానట.

ఎందుకలా అన్నాను అంటే ఎఫ్1 (స్టూడెంట్) వీసా, ఇంటి మీద లోను, మా నాన్న సంతకం. ఇవన్నీ నిజమే. కానీ ఇంకో నిజం కూడా ఉంది. లోపల ఎక్కడో "ఇది వాళ్ల గొడవ" అనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఫ్లాట్‌లో చెప్తే (ఐదుగురు తెలుగమ్మాయిలం, రెండు బెడ్రూములు) "నీకెందుకే ఆ కల్లూల గోల, చదువుకుని ఉద్యోగం చూసుకో" అన్నారు. కల్లూ అంటే నల్లవాళ్లని మనవాళ్లు చిన్నచూపుతో అనే మాట. ఈ మాట మన స్టూడెంట్ల నోట ఎంత మామూలుగా వస్తుందో మీకు వెళ్తే తెలుస్తుంది. తెల్లవాడు మన ఇంగ్లిష్ యాసకి నవ్వితే అది రేసిజం, మనం బస్సులో నల్లాయన పక్కన ఖాళీ సీటున్నా నిలబడి ప్రయాణం చేస్తే అది జాగ్రత్త. ఇక మనలో మనకి చెప్పేదేముంది. ఆ ఫ్లాట్‌లో దిగిన మొదటి రోజు నన్నడిగిన మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండోది ఎంసెట్ ర్యాంకు. ర్యాంకు ఎందుకు అడుగుతారో తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. బీఫార్మసీ హాస్టల్లో మా రూమ్మేట్‌ని కూడా ఇలాగే అడిగి, ర్యాంకు విని, "ఓహో" అని ఊరుకున్నారు. ఆ ఓహో తర్వాత నాలుగేళ్లూ ఆ పిల్ల మెస్‌లో చివరి టేబుల్ దగ్గరే తింది. నేను అమెరికా వచ్చిన ఏడాది జనవరిలోనే హెచ్‌సీయూలో రోహిత్ వేముల చనిపోయాడు. మా ఫ్లాట్‌లో ఆ ప్రస్తావన వస్తే చర్చంతా ఆ అబ్బాయి నిజంగా ఎస్సీయా కాదా అన్నదాని మీదే నడిచింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్ని ఎలా చూస్తున్నారో థోరట్ కమిటీ 2007లోనే రిపోర్టు ఇచ్చింది, అంటే డాక్టర్ చదువుల్లో ఇది మనకి కొత్తేం కాదు. కాబట్టి మీ చెల్లి అమెరికా వెళ్లి మొదటిసారి వివక్ష చూస్తుందని అనుకోకండి, చూసే ఉంటుంది, బహుశా ఇటువైపు నుంచి.

సరే, 1.159 దగ్గరికి వస్తాను. మా క్లాసులో ఈ గొడవ జరిగిన 2017లోనే బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి ఆ గుణకాన్ని తీసేసింది. 2020లో వాషింగ్టన్ యూనివర్సిటీ ఆసుపత్రులు తీసేశాయి, అక్కడ వెంటపడింది మెడికల్ స్టూడెంట్లే. 2021 సెప్టెంబర్‌లో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, కిడ్నీ డాక్టర్ల సంఘం కలిసి దేశమంతా తీసేయండి, ఇదిగో జాతి లేని కొత్త లెక్క అని చెప్పాయి. ఇదేదో పుస్తకాల్లో సున్నితమైన మాటల గొడవ అనుకునేవాళ్లకి ఒక్క సంగతి. కిడ్నీ మార్పిడికి వెయిటింగ్ లెక్క మొదలవ్వాలంటే జీఎఫ్‌ఆర్ 20కి దిగాలి, లేదా డయాలసిస్ మొదలవ్వాలి. ఆ రోజు స్క్రీన్ మీద ఉన్న పేషెంట్ తెల్లవాడైతే 18, లిస్టులో ఉంటాడు. నల్లవాడైతే 21, ఇంటికెళ్లి ఇంకొంచెం పాడయ్యాక రావాలి. 2023లో కిడ్నీ మార్పిడి చేసే ఆసుపత్రులన్నీ పాత రిపోర్టులు తీసి సరిచేయాలని రూల్ పెడితే, 14 వేల మందికి పైగా నల్లజాతి పేషెంట్లకి పోయిన వెయిటింగ్ కాలం వెనక్కి కలిపారు. ఆ అమ్మాయి 'దురుసుగా' అడిగిన ప్రశ్న అదే.

2021లో ఆ వార్త వచ్చిన రోజు తనకి మెసేజ్ పెట్టాను, లింకుతో సహా, పెద్ద పేరాగ్రాఫ్. "తెలుసు" అని ఒక్క మాట వచ్చింది. అంతే.

మా కాలేజీ ఏం చేసిందని అడుగుతారేమో. ఆన్‌లైన్ ట్రైనింగ్ పెట్టింది. కార్టూన్ బొమ్మలు మాట్లాడుకుంటాయి, నెక్స్ట్ నొక్కుతూ పోవాలి, చివర్లో పది ప్రశ్నలు, సర్టిఫికెట్. నేను మ్యాగీ ఉడికేలోపు పూర్తి చేశాను. అందులో కిడ్నీ పాఠం గురించి ఒక్క ముక్క లేదు. వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు 2016లో తెల్ల మెడికల్ స్టూడెంట్లనీ రెసిడెంట్లనీ అడిగితే సగం మంది నల్లవాళ్ల చర్మం మందం లాంటి తప్పుడు నమ్మకం ఒకటైనా నిజమే అన్నారు. అలాంటివి సిలబస్‌లోంచి, వార్డు రౌండ్ల కబుర్లలోంచి ఏరి పారేయాలి గానీ కార్టూన్లు ఏం చేస్తాయి? పైగా కాలేజీ బ్రోషర్ మీద నా ఫొటో, ఆ అమ్మాయి ఫొటో పక్కపక్కన వేశారు, ఇద్దరం నవ్వుతూ. గొడవకి ముందు తీసిన ఫొటో అది.

ఇక ఎవరికి చెప్పాలి అన్నదానికి. మీ చెల్లికి అసలు కష్టం చివరి ఏడాది రొటేషన్లలో, అంటే చోట్లు మారుతూ చేసే ప్రాక్టికల్ శిక్షణలో వస్తుంది. ఆసుపత్రిలో, మందుల షాపులో ఒక్క ప్రిసెప్టర్ (అక్కడ పని నేర్పి మార్కులు వేసే ఫార్మసిస్ట్) చేతిలో నెలా నెలన్నర. పరీక్షలో మార్కులకి ఆన్సర్ షీట్ ఉంటుంది, ఇక్కడ "కమ్యూనికేషన్", "ఆత్మవిశ్వాసం", "ప్రొఫెషనలిజం" అని గడులు మాత్రమే. యాస ఉంటే కమ్యూనికేషన్‌లో పోతుంది, తలవంచుకుని వింటే ఆత్మవిశ్వాసం లేదంటారు, తలెత్తి అడిగితే ప్రొఫెషనలిజం. ఏదైనా జరిగితే ఆ రాత్రే తేదీ, ఎవరున్నారు, అన్న మాట అన్నట్టుగా తనకి తానే ఈమెయిల్ పెట్టుకోమనండి. కాలేజీ మెయిల్‌కి కాదు, సొంత మెయిల్‌కి. ఫారంలో తక్కువ వేస్తే "ఏ రోజు, ఏ పనిలో" అని రాతపూర్వకంగా అడగమనండి, నాకు తెలిసి సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టంలో టైటిల్ 6 ఉంది, ఫెడరల్ ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి కాలేజీకీ వర్తిస్తుంది, వీసా మీద ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకి 180 రోజుల్లోపు ఫిర్యాదు పెట్టొచ్చు. 2025లో వాళ్ల 12 ప్రాంతీయ ఆఫీసుల్లో 7 మూసేశారు కాబట్టి త్వరగా తేలుతుందని ఆశ వద్దు, తేదీ మాత్రం దాటనివ్వొద్దు. ఆంబుడ్స్ ఆఫీసు (ఎవరి పక్షమూ వహించకుండా గోప్యంగా గోడు వినే ఆఫీసు) ఉంటే ముందు అక్కడికి వెళ్లడం మేలు, అక్కడ చెప్పినది మామూలుగా ఫైల్లోకి ఎక్కదు.

పక్క సీటు వాళ్ల గురించి పిలిస్తే విన్నది విన్నట్టు చెప్పమనండి. దానికి వీసా పోదు. నేను తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి మరీ తెలుసుకున్నాను, చాలా ఆలస్యంగా.

ఏ రాష్ట్రమో కామెంట్‌లో చెప్పండి. టెక్సస్, ఫ్లోరిడాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలైతే డైవర్సిటీ ఆఫీసులు ఎత్తేశారు, అక్కడ దారి వేరు. ఇంకోటి, బ్యాడ్జి మీద పేరు ఎలా రావాలో చేరినప్పుడే ఈమెయిల్‌లో అడిగేయమనండి. నా పేరు పొడుగని మొదటి ముక్క మాత్రమే వేశారు, నాలుగేళ్లూ నన్ను "వెంకటా" అని పిలిచారు. అది మా తాతయ్య పేరు.