సంక్రాంతికి సోలార్ కానుకలు: మేనకోడలికి ఉత్తరం

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఈ సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బట్టలకు బదులు అందరికీ సోలార్ వస్తువులు తెస్తానంటూ నువ్వు పంపిన చిట్టా రెండుసార్లు చదివాను. నాన్నకు పవర్‌బ్యాంకు, అవ్వకు లాంతరు, కడప చిన్నమ్మకు గోడ లైట్లు, తమ్ముడికి చేతి గడియారం, పిల్లలకు బొమ్మలు, గొర్రెల పెద్దాయనకు ఏదో ఒకటి. ఆలోచన నాకు బాగా నచ్చింది. ముప్పై ఏళ్లు రేడియోలు, ఎమర్జెన్సీ లైట్లు, తర్వాత సోలార్ లాంతర్లు బాగుచేసి బతికినవాణ్ని. ఏవి నిలిచాయో, ఏవి ఏడాది తిరగకుండానే నా బల్ల మీదకు వచ్చాయో చూశాను. అందుకే నువ్వు డబ్బు పెట్టకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన వైపు ఎండకు కరువు లేదు కాబట్టి ఏది కొన్నా పనిచేస్తుందిలే అనుకోకు. కర్నూలు పక్కన గని, శకునాల ఊళ్ల దగ్గర వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండను నమ్ముకునే. అయితే ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసే వాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ప్యానెల్ అంతకంటే వేడెక్కిన కొద్దీ, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గుతూ పోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీద అది 65 డిగ్రీలకు చేరిందంటే ఆరో వంతు అక్కడే పోయినట్టు. పైగా మన ఎర్రమట్టి దుమ్ము. అందుకని పెట్టె మీద రాసిన అంకెకు, ఇంట్లో వచ్చే ఫలితానికి ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. ఆ తేడాను ముందే లెక్కలో వేసుకుని, అవసరానికి ఒక మెట్టు పెద్ద ప్యానెల్ ఉన్నదే కొనాలి.

ఇక మీ నాన్న పవర్‌బ్యాంకు సంగతి. వీపు మీద బెత్తెడు ప్యానెల్ అతికించిన పవర్‌బ్యాంకు మాత్రం వద్దమ్మా. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. నిండు మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద సుమారు 1,000 వాట్ల ఎండ పడుతుంది. మంచి ప్యానెల్ అందులో ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది. పవర్‌బ్యాంకు వీపు ఎంత? ఏడు సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవు అనుకో. దాని మీద పడేదే పది వాట్ల ఎండ, చేతికొచ్చేది మహా అయితే రెండు వాట్లు. 10,000 ఎంఏహెచ్ బ్యాటరీలో 37 వాట్ గంటలు పడతాయి. మన దగ్గర మంచి ఎండ రోజుకు ఐదు గంటలని లెక్కపెట్టుకుంటే, మధ్యలో వృథా పోయేది పోగా అది నిండడానికి ఐదారు రోజులు. 20,000 అని రాసి ఉంటే అంతకు రెట్టింపు. ఇంతసేపూ ఆ నల్లటి డబ్బా ఎండలో మాడుతూ ఉండాలి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టకూడదు. ఎండలో పెట్టి పెట్టి పొట్ట ఉబ్బిన పవర్‌బ్యాంకులు నా దగ్గరకు ఎన్ని వచ్చాయో! పైమూత పలక రెండుగా చీలి, లోపల వెండిరంగు సంచి బూరెలా పొంగి ఉంటుంది. అలాంటిదాన్ని బావ దిండు పక్కన పెట్టుకుని పడుకుంటాడంటే నాకు నిద్ర పట్టదు. ఆయనకు గోడ ప్లగ్గుతో ఛార్జింగ్ ఎక్కే మామూలు పవర్‌బ్యాంకు కొను. దాని మీద మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసి తీసుకో. అది లేనిది ఎంత చవకైనా ముట్టుకోకు.

ఎక్కువ మనసు పెట్టాల్సింది అవ్వ లాంతరు మీద. కొన్నేళ్ల కిందట నేనే అమ్మకు ఒక లాంతరు ఇచ్చాను. వెలుగు బాగుంది, బ్యాటరీ బాగుంది. నెల తర్వాత ఊరికి వెళితే అది బట్టల పెట్టెలో ఉంది, అమ్మ చేతిలో పాత టార్చిలైటు ఉంది. ఎందుకమ్మా అంటే వేళ్లు చూపించింది. ఆ స్విచ్చి మీద మందపాటి రబ్బరు తొడుగు, పైగా మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే వెలుగుతుంది. కీళ్లు వంగని బొటనవేలితో చీకట్లో ఆ బొడిపెను వెతికి, నొక్కిపెట్టి ఉంచడం ఆమెకు సాధ్యం కాలేదు. అంగడిలో నేను ఒక్కసారి కళ్లు మూసుకుని స్విచ్చి వేసి చూసి ఉంటే తెలిసేది. నువ్వు ఆ పని చెయ్యి. కళ్లు మూసుకో, ఎడమ చేత్తో పట్టుకో, బొటనవేలి పక్కభాగంతో నొక్కు. తిప్పే స్విచ్చి గానీ, టక్కుమని పడే పాతరకం స్విచ్చి గానీ దొరికితే అదే మేలు. పైన కడియం లాంటి పిడి ఉండాలి, రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు మణికట్టుకు తగిలించుకుంటుంది.

లాంతరుకు ప్యానెల్ విడిగా ఉండాలి, మధ్యలో కనీసం నాలుగైదు మీటర్ల వైరు ఉండాలి. నెత్తి మీదే ప్యానెల్ ఉన్న లాంతరైతే రోజూ మొత్తం వస్తువును ఎండలో పెట్టాలి, సాయంత్రం గుర్తుగా లోపలికి తేవాలి. ఎనభై ఏళ్ల మనిషి రోజూ మిద్దె మెట్లు ఎక్కి దిగడం కుదిరే పనేనా? ప్యానెల్‌ను మిద్దె మీద శాశ్వతంగా బిగించేస్తే, వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాక్షి గుండా వైరు నేరుగా వంటింట్లోకి దింపుకోవచ్చు. లాంతరు నీడలో ఉంటుంది, బ్యాటరీ చల్లగా ఉంటుంది. ప్యానెల్‌ను దక్షిణం వైపు పదిహేను డిగ్రీలు వాల్చి బిగించాలి. మన ఊరి అక్షాంశం దాదాపు అంతే. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు కాబట్టి ఆ వాలు అప్పుడు బాగా కలిసొస్తుంది. దుమ్ము కూడా వానకు జారిపోతుంది.

సరిపోతుందో లేదో చూడడానికి ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకో. ప్యానెల్ వాట్లను మంచి ఎండ ఉండే ఐదు గంటలతో గుణించు. లైటు వాట్లను అది వెలగాల్సిన గంటలతో గుణించు. మొదటిది రెండోదానికంటే పెద్దదిగా ఉండాలి. రెండు వాట్ల ఎల్‌ఈడీ ఆరు గంటలు వెలగాలంటే పన్నెండు కావాలి. మూడు వాట్ల ప్యానెల్ పదిహేను ఇస్తుంది, సరిపోతుంది. ఒక వాట్ ప్యానెల్ పెట్టి పన్నెండు గంటల వెలుగు అని రాసే డబ్బాలు ఉంటాయి. ఆ పన్నెండు గంటలు మిణుకుమిణుకుమనే వెలుగుకు వేసిన లెక్క. దాంట్లో బియ్యంలో రాయి కనిపించదు.

లోపలి బ్యాటరీ ఏ రకమో తప్పకుండా అడుగు. పాత లాంతర్లలో సీసం ఆమ్లం బ్యాటరీ ఉండేది. వాడకుండా ఒక వానాకాలం పెట్టెలో ఉంచితే అది చచ్చిపోతుంది, మళ్లీ లేవదు. ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనేది వస్తోంది. మామూలు లిథియం అయాన్ కంటే వేడికి బాగా ఓర్చుకుంటుంది, వేలసార్లు ఛార్జింగ్ పెట్టినా నిలుస్తుంది. సెల్ మీద 3.2 వోల్టులు అని ఉంటే ఇది, 3.7 అని ఉంటే లిథియం అయాన్. అవ్వకు 3.2 రకమే తీసుకో, వంద రెండు వందలు ఎక్కువైనా ఫరవాలేదు. చివరగా లాంతరును తిరగేసి చూడు. అడుగున నాలుగు స్క్రూలు కనిపిస్తే కొను. అంచులన్నీ బంకతో అతికించేసి ఉంటే అక్కడే పెట్టెయ్యి. స్క్రూలు ఉన్నదాన్ని నేను బతికున్నంత కాలం వెలిగించి ఇస్తాను. అతికించినదాన్ని తెరవాలంటే పగలగొట్టాలి. ఫోను ఛార్జరుతో కూడా ఎక్కే రంధ్రం ఉంటే ముసురు పట్టిన రోజుల్లో పనికొస్తుంది.

గొర్రెల పెద్దాయనను నువ్వు గుర్తుపెట్టుకోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆయన ఏడాదిలో సగం రోజులు ఇంట్లో ఉండడు, ఎవరి చేలోనో మంద కట్టి అక్కడే పడుకుంటాడు. ఫోను ఛార్జింగ్ కోసం కిలోమీటర్లు నడిచి ఊళ్లోని టీ అంగడిలో ఇచ్చి వస్తాడు. ఆయనకు పుస్తకంలా మడిచే పది వాట్ల ప్యానెల్, దాంతో ఛార్జింగ్ ఎక్కే తలలైటు, రెండూ కలిపి ఇవ్వు. 5,000 ఎంఏహెచ్ ఫోను మంచి ఎండలో మూడు నాలుగు గంటల్లో నిండుతుంది. ఫోనును మాత్రం ప్యానెల్ మీద పెట్టకుండా గొంగడి నీడలో ఉంచమని చేసి చూపించు, నోటితో చెబితే చాలదు. తలలైటు ఎందుకంటే, రాత్రిపూట గొర్రె ఈనినప్పుడు రెండు చేతులూ దానికే కావాలి. గట్ల మీద నడిచేటప్పుడు పాము కూడా కనిపిస్తుంది. దుమ్ము, వాన తట్టుకోవాలి కాబట్టి ఐపీ65 అని రాసి ఉన్నది చూడు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి.

చిన్నమ్మ గోడ లైట్లు కొనేముందు ఆమె ప్రహరీ ఫొటో తెప్పించుకో. నాకు గుర్తున్నంతవరకు తూర్పు గోడ మీద వేపచెట్టు నీడ పడుతుంది. ప్యానెల్ మీద కొమ్మ నీడ కొంచెం పడినా కరెంటు బాగా పడిపోతుంది. వీధిలైటు కిందైతే చీకటి పడలేదనుకుని అసలు వెలగవు. గేటు వైపు రెండు చాలు, ఆరు వద్దు. సెల్ మార్చుకోవడానికి వీలున్నవే తీసుకో. అందులో ఉండేది మళ్లీ ఛార్జింగ్ ఎక్కే సెల్, దాని బదులు మామూలు టార్చి సెల్ వేయకూడదని చిన్నమ్మకు చెప్పు.

తమ్ముడి గడియారానికి ఢోకా లేదు. సిటిజన్ ఎకో డ్రైవ్, క్యాసియో టఫ్ సోలార్ లాంటివి గది వెలుతురుతో కూడా ఛార్జింగ్ ఎక్కుతాయి. నిండితే నెలల తరబడి నడుస్తాయి. బీరువాలో దాచొద్దని చెప్పు, అంతే. పిల్లలకు బ్యాటరీ లేని చిన్న కారు తీసుకో. ఎండలో పరుగెడుతుంది, అరచేయి అడ్డం పెడితే ఆగుతుంది. వాళ్లు ఆ చేయిని పెడుతూ తీస్తూ ఒక పూటంతా గడుపుతారు.

బావకు పవర్‌బ్యాంకు చిన్న కానుక అనిపిస్తే, నువ్వూ తమ్ముడూ కలిసి మిద్దె మీద సోలార్ పెట్టించే సంగతి ఆలోచించండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. సుమారు 300 చదరపు అడుగుల నీడ లేని మిద్దె కావాలి. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. మీటరు బావ పేరున ఉంది కాబట్టి దరఖాస్తూ ఆయన పేరు మీదే పెట్టాలి, చెప్పకుండా చేసే కానుక కాదు. ఒక సంగతి ముందే చెప్పాలి. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే సోలార్, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. అది తెలియక పెట్టించుకున్న మొదటి రోజే తిట్టుకున్నవాళ్లను చూశాను.

అన్నీ పండక్కి పది రోజుల ముందే కొను. లాంతరును, గోడ లైట్లను మీ బాల్కనీలో మూడు రోజులు ఎండబెట్టి, రాత్రి వెలిగించి, ఎన్ని గంటలు వెలిగిందో కాగితం మీద రాసి డబ్బాలో పెట్టు. బిల్లు, వారంటీ కార్డు కూడా అందులోనే. తేడా వస్తే అక్కడే మార్చుకోవచ్చు, ఇక్కడికి తెచ్చాక ఎవరూ మార్చరు.

నేరుగా ఊరికి వెళ్లకుండా అనంతపురంలో దిగి ఒక పూట నా దగ్గర ఉండు. లాంతరు స్విచ్చి నేనూ ఒకసారి చూస్తాను. వైరు పొట్టిదైతే అతుకు వేసి, ఎలుకలు కొరకకుండా గొట్టం తొడుగుతాను. భోగికి ముందు రోజు మనిద్దరం వెళ్లి అవ్వ మిద్దె మీద ప్యానెల్ బిగించేద్దాం. నిచ్చెన పక్కింట్లో ఉంది, అడిగి ఉంచాను.

మీ మామయ్య