రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, వీల్‌చైర్ తోయడం మానాలా?

ప్రశ్న: నా వయసు 38. వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పటి నుంచి చేతులతో తోసుకునే వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. కొన్ని నెలలుగా రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. ఆఫీసు బంజారాహిల్స్‌లో, ఎత్తు మీద ఉంది. చేతులకు విశ్రాంతి ఇవ్వమని అందరూ అంటున్నారు, కానీ చక్రం తోయనిదే నాకు రోజు గడవదు. ఏం చేయమంటారు డాక్టరు గారూ?
– ఒక పాఠకుడు, సీతాఫల్‌మండి, హైదరాబాద్

జవాబు: మీ లక్షణాలను బట్టి మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నట్టు అనిపిస్తోంది. దీనిని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు ఎముకలకూ, వాటి మీద అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఉన్న ఇరుకు దారిలో వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లతో (కండను ఎముకకు కలిపే తాళ్ల వంటివి) పాటు ఈ నరం కూడా వెళుతుంది. మణికట్టును వెనక్కి వంచి అరచేతి మీద బరువు మోపిన ప్రతిసారీ అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. చేతులే మీకు కాళ్లు కాబట్టి విశ్రాంతి సలహా మీకు పూర్తిగా పనికిరాదు. తోపుల సంఖ్యనూ, ఒక్కో తోపుకు పట్టే బలాన్నీ తగ్గించుకోవాలి.

అందుకని చేతికంటే ముందు కుర్చీని చూపించుకోండి. నిటారుగా కూర్చుని, చక్రం పక్కన తోయడానికి ఉండే రింగు పైభాగాన చేయి ఆనించినప్పుడు మోచేయి దగ్గర పైచేయికీ ముంజేయికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. వెనుక చక్రాల ఇరుసు మరీ వెనక్కి ఉంటే చేతికి రింగు కొంచెమే అందుతుంది, దాంతో పొట్టి పొట్టి తోపులు ఎక్కువగా వేయాల్సి వస్తుంది. ఇరుసు జరిపే వీలుంటే నిపుణుల సాయంతో కొద్దికొద్దిగా ముందుకు జరిపించండి. అప్పుడు కుర్చీ వెనక్కి ఒరిగే ప్రమాదం ఉంది కనుక వెనుక రక్షణ చక్రాలు పెట్టించుకుని, మొదట్లో ఎవరినైనా వెనుక నిలబెట్టుకోండి. టైర్లలో గాలి వారం వారం చూపించండి. గాలి తగ్గితే తోసే శ్రమ ఎంతో పెరుగుతుంది, అయినా చాలామంది పట్టించుకోరు.

తోసేటప్పుడు రింగును కాస్త వెనుక నుంచి అందుకుని, మణికట్టు వంగకుండా, నిదానంగా ముందుకంటా తోసి వదిలేయండి. వదిలిన చేతిని రింగు పైనుంచి కాకుండా కిందికి జారవిడిచి, అర్ధచంద్రాకారంలో వెనక్కి తెచ్చుకోండి. ఈ ఒక్క అలవాటుతోనే తోపులు గణనీయంగా తగ్గుతాయి.

దిగుడులో చక్రాన్ని వేళ్లతో బిగించి పట్టకండి. తోలు గ్లవ్స్ వేసుకుని అరచేతుల కింది భాగంతో రింగును ఒత్తుతూ వేగం తగ్గించండి. బంజారాహిల్స్ ఎత్తులను రోజూ మీ మణికట్లతో ఎక్కాల్సిన అవసరం లేదు, ఆటోను గేటు దాకా రమ్మనండి.

మంచం మీదికి మారేటప్పుడు అరచేయి పరిచి ఒత్తకుండా మంచం అంచును వేళ్లతో పట్టుకోండి, లేదా పిడికిలి మోపండి. రెండు ఎత్తులూ సమానంగా ఉండేలా చూసుకుని, నున్నటి బల్ల మీదుగా జారితే ఇంకా మంచిది.

రాత్రి మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కట్టుకోండి. నిమ్స్ వంటి పెద్దాసుపత్రిలో న్యూరాలజీ డాక్టరుకు చూపించి నరాల ప్రసరణ పరీక్ష చేయించండి. బొటనవేలి కింది కండ తగ్గినా, చేతిలోని గ్లాసు జారిపోతున్నా ఆలస్యం చేయవద్దు. ఆపరేషన్ అవసరమైతే కొన్ని వారాలు ఆ చేతితో తోయలేరు, బరువు మోపలేరు. అందుకని తేదీ ఖరారయ్యే ముందే బ్యాటరీ కుర్చీకీ, ఇంట్లో సాయానికీ ఏర్పాట్లు చేసుకోండి.